దేవుణ్ని కాదన్నారు.. సత్యాన్ని వదల్లేదు

1948 మార్చి 13. ఇప్పటి మహారాష్ట్రలో, వార్ధా దగ్గరి సేవాగ్రామ్ ఆశ్రమం. గాంధీజీ కన్నుమూసి ఆరు వారాలే అయింది. ఆశ్రమంలో ఇంకా ఆ విషాదం తగ్గలేదు. అలాంటి వేళ అక్కడ ఓ తెలుగు పెళ్లి జరిగింది. పెళ్లికూతురు మనోరమ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన అమ్మాయి. పెళ్లికొడుకు అర్జునరావు, సమాజం అంటరానివారని ఊరి చివరకు నెట్టేసిన కులంలో పుట్టిన యువకుడు. ఆ రోజుల్లో ఇదే పెద్ద వార్త. అంతకంటే పెద్ద విశేషం ఇంకోటుంది. ఈ పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరు లేదు. దైవసాక్షిగా అనే చోట సత్యం సాక్షిగా అని మార్చారు. ఆ మార్పుకు ఒప్పుకున్నది ఎవరో కాదు, ఊపిరి ఉన్నంతవరకూ రామనామం విడవని గాంధీజీయే.

గాంధీజీని అంతవరకూ తీసుకొచ్చిన పెళ్లికూతురు తండ్రి పేరు గోపరాజు రామచంద్రరావు. అలా చెబితే చాలామందికి తెలియదు. గోరా అంటే వెంటనే గుర్తుపడతారు. దేవుడు లేడని చెప్పడానికి జీవితమంతా ధారపోసిన మనిషి. దేవుడే సత్యమని నమ్మిన మహాత్ముడితో కూర్చుని వాదించి, ఆయన అభిమానం కూడా సంపాదించిన మనిషి. మతవిశ్వాసానికి, సత్యానికి ఉన్న సంబంధమేమిటన్నది పండితులు గ్రంథాల్లో తేల్చే విషయమని మనం అనుకుంటాం. గోరా దాన్ని ఇంట్లో, ఉద్యోగంలో, పిల్లల పెళ్లిళ్లలో తేల్చుకోవాల్సి వచ్చింది.

ఛత్రపురం బిడ్డ

గోరా పుట్టింది ఇప్పటి ఒడిశాలోని ఛత్రపురంలో, 1902 నవంబరు 15న. తండ్రి వెంకట సుబ్బారావు, తల్లి రాజ్యమ్మ. అప్పటికి ఛత్రపురం, బరంపురం, పర్లాకిమిడి అన్నీ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా ఊళ్లే. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు అవి అటు వెళ్లాయి. నేడు గంజాంలో ఉన్న తెలుగువాళ్లు గోరా మావాడు అంటే కాదనేవారు లేరు.

వాళ్లది ఆచారాలు గట్టిగా పాటించే కుటుంబం. జంధ్యం, మడి, పూజ అన్నీ ఉన్న ఇల్లు. గోరా పుట్టు నాస్తికుడేమీ కాదు. ఇంట్లో పెద్దలు ఏది నమ్మారో చిన్నతనంలో తనూ అదే నమ్మారు. 1922లో పెళ్లి అయ్యేటప్పటికి ఆయన వయసు 20 ఏళ్లు. వధువు సరస్వతి విజయనగరం అమ్మాయి, వయసు 10 ఏళ్లు. ఆనాటి బాల్యవివాహాల్లో అదీ ఒకటి. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం చదివి ఎం.ఏ. పట్టా తీసుకున్నారు.

మొక్కల చదువు ఆయనకు ఒక అలవాటు నేర్పింది. ఆకును చూడాలి, కోయాలి, భూతద్దం కింద పెట్టాలి, ఆ తర్వాతే మాట చెప్పాలి. పుస్తకంలో ఉందనో పెద్దలు చెప్పారనో ఒప్పుకోవడం ప్రయోగశాలలో కుదరదు. ప్రయోగశాలలో ఇలా ఉండి, ఇంటికొచ్చి ఇంకోలా ఉండటం ఎలా? చాలామందికి ఈ ప్రశ్న రాదు. వచ్చినా సర్దుకుపోతారు. గోరా సర్దుకోలేకపోయారు.

దయ్యాల కొంప అని పేరుపడి ఎవరూ అద్దెకు తీసుకోని ఇంట్లో ఆయన కావాలని కాపురం పెట్టారు. దయ్యం రాలేదు. సరస్వతి కడుపుతో ఉండగా గ్రహణం వచ్చింది. గర్భిణులు బయటికి రాకూడదు, కత్తిపీట ముట్టకూడదు అంటారు కదా. ఆమె రోజూలాగే తిరిగారు, రోజూలాగే పనులు చేసుకున్నారు. బిడ్డ నిక్షేపంగా పుట్టింది. వాదన కంటే ఇలాంటి పరీక్షలే భార్యాభర్తలిద్దరినీ మెల్లగా మార్చాయి. ఒక్కరోజులో పోయిన నమ్మకం కాదది. ఒక్కొక్కటే పరీక్షించుకుంటూ వదిలింది.

నాలుగు కాలేజీలు, నాలుగు మతాలు

గోరా ఉద్యోగ జీవితం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆయన మొదట పాఠాలు చెప్పింది మదురైలోని అమెరికన్ కాలేజీలో. అది క్రైస్తవ మిషనరీల సంస్థ. క్రైస్తవం పుచ్చుకుంటే అమెరికాలో పైచదువుకు పంపిస్తామన్న అవకాశం అక్కడే వచ్చింది. పాతికేళ్లు నిండని అధ్యాపకుడికి అది చిన్న ఆశ కాదు. నమ్మనిదాన్ని నమ్ముతున్నానని చెప్పి వెళ్లడం ఇష్టంలేక ఆయన కాదనేశారు.

తర్వాత కోయంబత్తూరులో వ్యవసాయ పరిశోధన. అక్కడి నుంచి సముద్రం దాటి సింహళంలోని కొలంబోకు. అక్కడ పనిచేసిన ఆనంద కాలేజీ బౌద్ధులది. 1928లో యానానికి దగ్గర్లోని కాకినాడకు వచ్చి పిఠాపురం రాజా కాలేజీలో చేరారు. బ్రహ్మసమాజ సంస్కర్త రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రిన్సిపాలుగా తీర్చిదిద్దిన కాలేజీ అది. ఆ తర్వాత మచిలీపట్నం హిందూ కాలేజీ. క్రైస్తవం, బౌద్ధం, బ్రహ్మసమాజం, హిందూమతం. ఇన్ని విశ్వాసాల నీడలోనూ ఆయన మొక్కల పాఠమే చెప్పారు. ఎక్కడా ఎక్కువకాలం నిలవలేదు.

జంధ్యం తీసేసింది కాకినాడలో ఉండగానే. నమ్మకం పోయాక గుర్తు ఒంటిమీద ఉంచుకోవడం అబద్ధమని ఆయన లెక్క. ఇంట్లో అగ్గి రాజుకుంది. తండ్రి ఇంట్లోంచి వెళ్లిపొమ్మన్నారు. భార్యను తీసుకుని ఆయన బయటికి నడిచారు. ఆ తండ్రి కోపాన్ని తేలిగ్గా తీసేయడానికి లేదు. కొడుకు జంధ్యం తీసేస్తే కుటుంబాన్ని బంధువర్గమంతా వెలివేసినట్టు చూసే రోజులవి. నమ్మకం ఒక్కరిదే అయినా దాన్ని వదిలితే పడే దెబ్బ మాత్రం ఇంటిల్లిపాదికీ.

1933లో ఉద్యోగమూ పోయింది. దేవుడు అనే భావన మీద తన ఆలోచనలు దాచుకోకుండా బయటపెట్టినందుకు కాలేజీ ఆయన్ని తీసేసింది. సంఘసంస్కరణకు పేరుపొందిన కాలేజీ అయినా నాస్తికత్వం దగ్గరికి వచ్చేసరికి తట్టుకోలేకపోయింది. మచిలీపట్నంలోనూ అదే కథ. 1939తో ఆ కొలువూ ముగిసింది. వృక్షశాస్త్రం పాఠంలో దేవుడి ప్రస్తావన లేకుండా నోరు మూసుకుని ఉంటే పింఛను దాకా ఉద్యోగం చేసుకోవచ్చు. పిల్లలు గలవాడు, పైసా కూడబెట్టనివాడు. అయినా నోరు మూసుకోలేదు.

పున్నమినాటి భోజనాలు

1940లో కృష్ణా జిల్లా ముదునూరు గ్రామస్థులు పిలిస్తే కుటుంబంతో అక్కడికి వెళ్లారు. ఆ ఏడాది ఆగస్టు 10న నాస్తిక కేంద్రం మొదలైంది. పేరు వింటే దేవుణ్ని తిట్టే చోటు అనుకుంటారు. అక్కడ ఎక్కువగా జరిగింది వయోజన విద్య, అంటరానితనం మీద పోరాటం. పున్నమి రోజుల్లో సహపంక్తి భోజనాలు పెట్టేవారు. అన్ని కులాలవాళ్లూ ఒకే వరసలో కూర్చోవాలి, ఒకే వంట తినాలి. ఊళ్లో దీనికి మించిన పరీక్ష లేదు. మాటల్లో సంస్కర్తలైన వాళ్లు విస్తరి ముందు కూర్చోమనేసరికి వెనక్కి జారుకునేవారు.

పిల్లల పేర్లలోనూ దేవుళ్లు లేరు. ఉప్పు సత్యాగ్రహం ఏడాది 1930లో పుట్టిన కొడుకు లవణం. రెండో ప్రపంచ యుద్ధం వచ్చిన 1939లో పుట్టినవాడు సమరం. తొమ్మిదో సంతానం పేరు నౌ. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో గోరా జైలుకెళ్లారు. సరస్వతి కూడా చంటిబిడ్డ నియంతను చంకనెత్తుకుని జైలుకెళ్లారు. దేశం మీద భక్తికి దేవుడి మీద భక్తి తప్పనిసరి కాదని ఆ కుటుంబం చేసి చూపించింది.

మహాత్ముడి గుమ్మంలో నాస్తికుడు

గాంధీజీతో గోరా ఉత్తరాల వ్యవహారం 1930లోనే మొదలైంది. దేవుడు అనే మాటకు మీరిచ్చే అర్థమేమిటి, రోజువారీ జీవితానికి అది ఎంతవరకు పొసగుతుంది అని గోరా రాశారు. దేవుడు మనిషి బుద్ధికి అందేవాడు కాదని గాంధీజీ క్లుప్తంగా జవాబిచ్చారు. 1941లో మళ్లీ రాస్తే ఇంకా కటువైన సమాధానం వచ్చింది. నాస్తికత్వం తనను తాను కాదనుకోవడమేనని, దాన్ని ప్రచారం చేసి గెలిచినవాడు లేడని, మీరు సాధించినదేదైనా ఉంటే అది జనంలో నిజాయితీగా చేసిన సేవ వల్లనేనని గాంధీజీ రాశారు. మాట్లాడటానికి తీరిక లేదని కూడా తేల్చేశారు.

ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవారు. గోరా ముదునూరులో పని ఆపలేదు, గాంధీజీని కలవాలన్న ప్రయత్నమూ ఆపలేదు. చివరికి సహచరుడొకరు ముందుగా సేవాగ్రామ్ వెళ్లి ఇక్కడి పని వివరించాక పిలుపు వచ్చింది. 1944 నవంబరులో సాయంత్రపు నడకలో ఇద్దరూ మాట్లాడుకున్నారు.

గోరా శాస్త్రచర్చ పెట్టుకోలేదు. అంతకు ముందటి ఏడాది, 1943 నాటి బెంగాల్ కరువు గురించి చెప్పారు. కలకత్తా వీధుల్లో తినుబండారాలు నిండిన దుకాణాల ముందే మనుషులు ఆకలితో రాలిపోయారు. అడుక్కునేవాడు ఇది నా రాత అనుకున్నాడు. పక్కనుంచి నడిచిపోయేవాడూ ఇది వాడి రాత అనుకున్నాడు. దేవుడు ఇలా రాశాడన్న నమ్మకమే ఇద్దరి చేతులూ కట్టేసిందని గోరా వాదన. రాతను నమ్మకపోతే తిండి ఉన్నవాడు పంచేవాడు, లేనివాడు అడిగి తీసుకునేవాడు అని ఆయన ఆశ. హిందువు, ముస్లిం, హరిజనుడు అన్న ముద్రలు పోయి మనిషి మిగలాలంటే ఆ ముద్రలకు మూలమైన దైవభావన పోవాలని ఆయన చెప్పారు.

గాంధీజీకి నాస్తికులు కొత్త కాదు. లండన్‌లో చదువుకునే రోజుల్లో పేరుమోసిన నాస్తికుడు బ్రాడ్లా అంత్యక్రియలకు వెళ్లారు. అక్కడ ఒక నాస్తికుడు మతగురువుతో దురుసుగా వాదించడం చూసి నాస్తికత్వం మీద విముఖత ఇంకా పెరిగిందని ఆత్మకథలో రాసుకున్నారు. అలాంటి మనిషి 1931 నాటికి ఒక పెద్ద అడుగు వేశారు. అంతవరకూ దేవుడే సత్యమని చెప్పేవారు. అప్పటి నుంచి సత్యమే దేవుడని చెప్పసాగారు. చూడటానికి మాటల తారుమారే. అయితే మొదటి మాటలో దేవుణ్ని ఒప్పుకోనివాడికి చోటు లేదు. రెండో మాటలో ఉంది. దేవుణ్ని కాదనేవాళ్లు ఉన్నారు గానీ సత్యాన్ని కాదనేవాళ్లు లేరన్నది ఆ మార్పుకు ఆయన చెప్పిన కారణం. గాంధీజీ తెరిచి పెట్టిన ఆ గుమ్మంలోకే పదమూడేళ్ల తర్వాత గోరా వచ్చి నిలబడ్డారు.

తర్వాతి నెలల్లో చర్చలు సాగాయి. ఎవరూ ఎవరినీ మార్చలేదు. అయితే గాంధీజీ చివరికి చెప్పిందాన్ని గోరా జీవితాంతం గుర్తుపెట్టుకున్నారు. నా ఆస్తికత్వం సరైనదనీ చెప్పలేను, మీ నాస్తికత్వం తప్పనీ చెప్పలేను, మనం సత్యం వెతికేవాళ్లం, తప్పని తేలితే మార్చుకునేవాళ్లం అని గాంధీజీ అన్నారు. ఎవరిది సరైనదో ఫలితాలే తేలుస్తాయి, అప్పుడు నేను మీ దారికి రావచ్చు, మీరు నా దారికి రావచ్చు, ఇద్దరం కలిసి మూడోదారి పట్టవచ్చు అని కూడా అన్నారు. పద్ధతి తనకు విరుద్ధమైనా సాయం చేస్తానని మాటిచ్చారు.

ఇక్కడ ఒక ప్రశ్న మిగిలే ఉంది. దైవనమ్మకం మనిషిని చేతులు కట్టుకుని కూర్చోబెడుతుందన్న గోరా వాదనకు ఎదురుగా కూర్చున్న గాంధీజీయే పెద్ద అడ్డు. ఆయనది దేవుణ్ని నమ్మి ఊరుకున్న జీవితం కాదు. అలాగే నాస్తికత్వం వస్తే అన్నీ బాగుపడతాయన్న హామీ కూడా ఎక్కడా లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసనే అనిపిస్తుంది. అందుకే ఎవరు ఏం నమ్ముతున్నారు అన్నచోట ఆగకుండా, ఆ నమ్మకంతో ఎవరు ఎలా బతుకుతున్నారు అన్నచోట ఇద్దరూ కలుసుకున్నారు. మనసులో ఒకటి, మాటలో ఒకటి, చేతలో ఇంకోటి ఉంటే అది ఇద్దరికీ అసత్యమే. గుడికెళ్లి పక్కవాణ్ని అంటరానివాడనడం ఎంత అబద్ధమో, నమ్మకం లేకుండా జంధ్యం వేసుకోవడమూ అంతే అబద్ధం.

మాటకు కట్టుబడిన పెళ్లి

పరీక్ష పెద్ద కూతురి పెళ్లితో వచ్చింది. మనోరమను దళిత యువకుడు అర్జునరావుకిచ్చి చేయాలని గోరా దంపతులు అనుకున్నారు. చివరి రోజుల్లో గాంధీజీ, ఇద్దరిలో ఒకరు హరిజనులైతేనే పెళ్లికి వస్తానని నియమం పెట్టుకున్నారు. అందుకే సంతోషంగా ఒప్పుకున్నారు. పెళ్లి సేవాగ్రామ్‌లో తానే జరిపిస్తానన్నారు. అయితే రెండేళ్లు ఆగమన్నారు.

చిక్కంతా ప్రమాణం దగ్గర. ఆశ్రమ పద్ధతిలో దేవుడు సాక్షి. నాస్తికుడి కూతురు దేవుడి పేరుతో ప్రమాణం చేస్తే దానికి విలువేముంది? దేవుడి పేరు తీసేయమంటే గాంధీజీ నమ్మకం సంగతేమిటి? మొండికేస్తే పెళ్లి ఆగిపోవాలి. గాంధీజీ దేవుడి చోట సత్యాన్ని పెట్టడానికి ఒప్పుకున్నారు. ఆయన లెక్కలో సత్యమే దేవుడు కాబట్టి ఆయన పోగొట్టుకున్నదేమీ లేదు. గోరా లెక్కలో దేవుడు లేడు కాబట్టి ఆయనా తలవంచాల్సిన పని లేకపోయింది. ఇద్దరూ తమ మాట మీదే నిలబడ్డారు, పెళ్లి మాత్రం ఆగలేదు.

ఆ పెళ్లి చూడటానికి గాంధీజీ లేరు. 1948 జనవరి 30న హంతకుడి తూటాలకు బలయ్యారు. ఆ హంతకుడు కూడా మతం పేరే చెప్పుకున్నవాడు. మార్చిలో అనుకున్నచోటే, అనుకున్న ప్రమాణంతోనే పెళ్లి జరిగింది. 1951లో గోరా ఈ చర్చలన్నీ పుస్తకంగా రాశారు. దాన్ని అచ్చువేసింది గాంధీజీ స్థాపించిన నవజీవన్ సంస్థే. ముందుమాట రాసింది గాంధీజీ సన్నిహితుడు కిశోర్‌లాల్ మశ్రూవాలా.

చివరివరకూ అదే తీరు

1947లోనే కేంద్రం ముదునూరు నుంచి విజయవాడ పటమటకు మారింది. స్వాతంత్ర్యం వచ్చాక గోరా దృష్టి ఆడంబరాల మీద పడింది. ప్రజల సేవకులమని చెప్పుకునే మంత్రులు రాజుల్లా బతకడం కూడా ఆయనకు అబద్ధంలాగే కనిపించింది. 1961 అక్టోబరులో సేవాగ్రామ్ నుంచి ఢిల్లీకి పాదయాత్ర మొదలుపెట్టారు. 1,100 మైళ్లు, 99 రోజులు నడిచారు. పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలన్నారు. ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు. జనానికి తిండి చాలని దేశంలో ప్రభుత్వ తోటల్లో పూలమొక్కలెందుకు, కూరగాయలు వేయండని ఆందోళన చేశారు. వృక్షశాస్త్రం పంతులు అందులో కనిపిస్తారు.

అన్నీ అందరికీ నచ్చే పనులేం కాదు. 1972లో విజయవాడలో గొడ్డు మాంసం, పంది మాంసం రెండూ వడ్డించే కార్యక్రమం పెట్టారు. హిందువులకూ ముస్లింలకూ ఇద్దరికీ కోపం వచ్చింది. మనిషిని మనిషితో కలవనివ్వని నిషేధాలను బద్దలు కొట్టాలని ఆయన ఉద్దేశం. ఎదుటివాడి మనసు నొప్పించి సత్యం చెప్పాలా అన్న ప్రశ్న మాత్రం అప్పుడూ లేచింది, ఇప్పుడూ ఉంది. సేవాగ్రామ్ ప్రమాణంలో దొరికిన మధ్యేమార్గం ప్రతిచోటా దొరకలేదు.

1975 జూలై 26న విజయవాడలో ఓ సభలో ఉండగానే గోరా కన్నుమూశారు. సరస్వతీ గోరా ఆ తర్వాత 31 ఏళ్లు కేంద్రాన్ని నడిపించి 2006లో మరణించారు. ఆమెకు 1999లో జమ్నాలాల్ బజాజ్ పురస్కారం వచ్చింది. కర్ణాటక ప్రభుత్వం బసవ పురస్కారంతో గౌరవించింది. శివభక్తుడైన బసవన్న పేరిట ఇచ్చే పురస్కారం ఓ నాస్తికురాలికి దక్కింది. కులాన్ని కాదన్న బసవన్న ఉంటే కాదనేవారు కాదేమో. కొడుకు లవణం మహాకవి జాషువా కుమార్తె హేమలతను పెళ్లాడారు. 2002లో గోరా శతజయంతికి భారత తపాలా శాఖ స్టాంపు వేసింది.

గోరా మాట ఒప్పుకునేవాళ్ల కంటే ఒప్పుకోనివాళ్లే ఇప్పటికీ ఎక్కువ. ఛత్రపురం నుంచి మదురై దాకా మన ఊళ్లలో ఏ వీధి చూసినా గుడో, మసీదో, చర్చో ఉంటుంది. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. అయితే దేవుణ్ని నమ్మేవాళ్లం సత్యం మన సొత్తని, నమ్మనివాళ్లం సత్యం మాదేనని వాదించుకునేటప్పుడు సేవాగ్రామ్ పెళ్లి ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఒక మహా భక్తుడు, ఒక మొండి నాస్తికుడు కలిసి సాక్షిగా నిలబెట్టింది సత్యాన్నే. ఆ సాక్షి ముందు ఊరు వెలేసిన కులంవాడు, అగ్రహారపు పిల్ల భార్యాభర్తలయ్యారు.